కరెంటు పోయినా ఇల్లు వెచ్చగా ఉండాలంటే ఏం కొనాలి?

పేరు వెల్లడించవద్దని కోరుతూ ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. శీతకాలంలో ఉష్ణోగ్రత సున్నాకు బాగా కిందికి పడిపోయే ప్రాంతంలో ఆమె కుటుంబం సొంత ఇంట్లో ఉంటోంది. ఇంటిని వెచ్చబరిచేది గ్యాస్ బాయిలర్. అది కాచిన నీరు గదుల్లోని రేడియేటర్లకు వెళ్లి తిరిగి వస్తుంది. కిందటి శీతకాలంలో కరెంటు పలుమార్లు పోయింది. ఒకసారి సాయంత్రం పోయినది మర్నాడు మధ్యాహ్నానికి గాని రాలేదు. గ్యాస్ వస్తూనే ఉన్నా బాయిలర్ ఆగిపోయింది. డెబ్బై దాటిన, ఉబ్బసం ఉన్న అత్తగారితో, మూడేళ్ల పాపతో ఆ రాత్రంతా ఒకే గదిలో దుప్పట్లు కప్పుకొని గడిపారు. తరువాత ఆమె భర్త కంప్యూటర్‌కు వాడే చిన్న యూపీఎస్ ఒకటి కొని బాయిలర్‌కు తగిలించారు. మళ్లీ కరెంటు పోయినప్పుడు కొద్ది నిమిషాలకే బాయిలర్ మీద ఎర్ర దీపం వెలిగి మంట ఆరిపోయింది. కాసేపటికి యూపీఎస్ కూడా మూగబోయింది. ఇప్పుడాయన పెద్ద పెట్రోలు జనరేటర్ కొని గ్యారేజీలో పెడదామంటున్నారు. బయట పెడితే మంచుకు పాడవుతుందని, ఎవరైనా ఎత్తుకుపోతారని, నడుస్తున్నంతసేపు గ్యారేజీ తలుపు తెరిచి ఉంచితే చాలని ఆయన అభిప్రాయం. ఆడపడుచు భర్తేమో జనరేటర్ జోలికి పోకుండా పెద్ద బ్యాటరీ పెట్టించుకుని, దాంతో రెండు రూమ్ హీటర్లు నడుపుకోమని చెబుతున్నారు. యూపీఎస్ మీద ఒకసారి డబ్బు వృథా అయినందువల్ల ఈ ప్రస్తావన తెస్తేనే భర్త నొచ్చుకుంటున్నారట. తన కోసం ఇంత ఖర్చు వద్దని అత్తగారు అంటున్నారట. "బాయిలర్ మీద 130 వాట్లు అని రాసి ఉంది. హీటర్లు ఒక్కొక్కటి 2000 వాట్లు. అత్తగారి నెబ్యులైజర్ కూడా నడవాలి. ఏది కొనడం మంచిది? గ్యారేజీ విషయంలో నేను పట్టుబట్టడం అతి భయమేనా?" అని ఆమె అడుగుతున్నారు.

మీ చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. అది అతి భయం కాదు. ఈ ఉత్తరంలో మిగిలినవన్నీ ఖర్చుకు, సౌకర్యానికి సంబంధించినవి కాబట్టి ఏది ఎంచుకున్నా కొంత లాభం, కొంత నష్టం ఉంటాయి. గ్యారేజీ ఒక్కటే ప్రాణానికి సంబంధించినది. పెట్రోలు ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునేదానికంటే 200 రెట్లకు పైగా బలంగా దాన్ని పట్టుకుంటుంది కనుక, గాలిలో అది కొద్దిగా చేరినా శరీరానికి ఆక్సిజన్ అందడం తగ్గిపోతుంది. మెలకువగా ఉన్నవారికి తలనొప్పి, వికారం, మగత వస్తాయి. నిద్రలో ఉన్నవారికి ఆ హెచ్చరికలు కూడా అందవు. తలుపు తెరిచి ఉంచడం ఎందుకు చాలదంటే, ఇంట్లోని వెచ్చని గాలి పైకి లేచి పైసందుల గుండా బయటికి పోతూ, ఆ లోటును పూడ్చుకోవడానికి కిందిభాగంలోని సందుల నుంచి గాలిని లోపలికి లాక్కుంటుంది. గ్యారేజీకి, ఇంటికి మధ్యనున్న తలుపు కింది సందు అలాంటిదే. బయట చలి ఎంత ఎక్కువైతే ఈ లాగుడు అంత బలంగా ఉంటుంది. అంటే మీకు జనరేటర్ అవసరమయ్యే రాత్రే గ్యారేజీ గాలి ఎక్కువగా ఇంట్లోకి వస్తుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను చలి తుపాను ముంచెత్తి లక్షల ఇళ్లకు కరెంటు పోయినప్పుడు, ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖ 246 మరణాలను లెక్కతేల్చింది. వారిలో కొందరు చలివల్ల కాక, ఇల్లు వెచ్చగా ఉంచుకోవాలని చేసిన ప్రయత్నంలో ఈ వాయువు పీల్చి చనిపోయారు. జనరేటర్ ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో, పొగ గొట్టం ఇంటికి వ్యతిరేక దిశలో, కిటికీలకూ తలుపులకూ ఎదురుగా లేకుండా ఉండాలి. ఉబ్బసం ఉన్న పెద్దావిడ, పసిపాప ఉన్న ఇంట్లో దీనికి మినహాయింపు వెతకవద్దు.

ఇక అసలు విషయం. మీవారు, మీ ఆడపడుచు భర్త వేర్వేరు పరికరాల గురించి మాట్లాడుతున్నట్టు కనిపిస్తున్నా, ఇద్దరూ "ఇల్లు వెచ్చబడటానికి చాలా కరెంటు కావాలి" అనే ఒకే ఊహతో మొదలుపెట్టారు. మీ ఇంట్లో అది నిజం కాదు. మీ ఇంటికి వేడినిచ్చేది గ్యాస్. కరెంటు చేసే పని ఆ వేడిని నడిపించడమే: మంట వెలిగించడం, పొగను బయటికి నెట్టే ఫ్యాను తిప్పడం, నీటిని రేడియేటర్లలోకి తోసే పంపు నడపడం, వీటన్నిటినీ చూసుకునే కంట్రోల్ బోర్డును మేల్కొల్పి ఉంచడం. ఆ 130 వాట్లు ఇన్ని పనులకూ కలిపి ఉన్న గరిష్ఠ అంకె. రాత్రి పది గంటల పాటు బాయిలర్ ఆగకుండా నడిచినా 1.3 యూనిట్లు ఖర్చవుతుంది. రెండు హీటర్లూ అదే పది గంటలు నడిస్తే 40 యూనిట్లు. గది వేడెక్కాక హీటర్లు మధ్యమధ్యలో ఆగుతాయన్నది నిజమే కాని, గడ్డకట్టే చలిలో ఆ విరామాలు చాలా తక్కువ. మీరు కాపాడుకోవలసినది 130 వాట్లా, 4000 వాట్లా అన్నది తేలితే మిగతా నిర్ణయాలు చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి.

మరి యూపీఎస్ ఎందుకు విఫలమైంది? మీవారు తెచ్చిన ఆలోచన సరైనదే, వస్తువు సరైనది కాదు. ఆయనకు ఈ మాట ముందుగా చెప్పండి, ఎందుకంటే అది నిజం. మీ ఉత్తరంలో రెండు వేర్వేరు వైఫల్యాలు ఉన్నాయి. రెండోది తేలికగా అర్థమవుతుంది: కంప్యూటర్ యూపీఎస్‌లో సాధారణంగా 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల చిన్న బ్యాటరీ ఉంటుంది. లెక్క ప్రకారం అందులో ఉన్నది 84 వాట్-అవర్లు (వెయ్యి వాట్-అవర్లయితే ఒక యూనిట్). వేగంగా ఖాళీ చేసినప్పుడు అది అంత కూడా ఇవ్వదు. ఫైళ్లు భద్రపరచుకుని కంప్యూటర్ ఆపుకోవడానికి చేసిన వస్తువు అది. పెట్టె మీద 600 అనో 1000 అనో పెద్ద అక్షరాలతో రాసి ఉండేది ఒకేసారి ఎంత లోడు మోయగలదన్న సంఖ్యే తప్ప, ఎంతసేపు మోయగలదన్నది కాదు. కొనేటప్పుడు చాలామంది తికమకపడేది ఇక్కడే.

మొదటి వైఫల్యం, అంటే ఎర్ర దీపం, మీరు తప్పక అర్థం చేసుకోవలసినది. లేకపోతే రేపు ఎంత పెద్ద బ్యాటరీ తెచ్చినా అదే దీపం మళ్లీ వెలగవచ్చు. దానికి రెండు కారణాల్లో ఒకటి గాని, రెండూ గాని ఉండే అవకాశం ఎక్కువ. చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద నడిచేటప్పుడు ఇచ్చే కరెంటు నున్నని తరంగంగా కాక మెట్లు మెట్లుగా ఉంటుంది. దాని మీద పంపులు గీ మని మోగుతాయి, వేడెక్కుతాయి. కొన్ని కంట్రోల్ బోర్డులు దాన్ని అసలు ఒప్పుకోవు. అందుకే ఏది కొన్నా "ప్యూర్ సైన్ వేవ్" అని ఉన్నదే కొనాలి. రెండో కారణం ఎర్తింగ్. మంట గుండా అతి సూక్ష్మమైన కరెంటు ప్రవహించగలదు. బాయిలర్ ఆ ప్రవాహాన్ని కొలిచే మంట వెలుగుతోందో లేదో తెలుసుకుంటుంది. చాలా బాయిలర్లలో ఈ కొలత సరిగా జరగాలంటే న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య సంబంధం ఉండాలి. లైను కరెంటులో ఆ సంబంధం ఉంటుంది. యూపీఎస్‌గాని, జనరేటర్‌గాని విడిగా నడిచేటప్పుడు అది తెగిపోవచ్చు. అప్పుడు మంట చక్కగా వెలుగుతున్నా బాయిలర్‌కు కనిపించదు. గ్యాస్ వృథాగా పోతోందనుకుని వాల్వు మూసేసి, ఎర్ర దీపం వెలిగిస్తుంది. ప్లగ్గు తిరగబడి ఫేజ్, న్యూట్రల్ తారుమారైనా కొన్ని బాయిలర్లు ఇలాగే ప్రవర్తిస్తాయి. దీనికి పరిష్కారం ఉంది కాని, అది అర్హత గల ఎలక్ట్రీషియన్ చేయవలసిన పని. బాయిలర్ లోపల మీరుగాని, మీవారుగాని ఏ తీగనూ కలపవద్దు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మొదటిది, బాయిలర్ కోసమే ఒక ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్, దానికి బయటి నుంచి తగిలించే తగినంత పెద్ద బ్యాటరీ. ఇన్వర్టర్ 500, 600 వాట్లది చాలు. పంపు, ఫ్యాను మొదలయ్యే క్షణంలో ఎక్కువ కరెంటు లాగినా తట్టుకుంటుంది. బ్యాటరీయే అసలు ఖర్చు. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ల లెడ్-యాసిడ్ బ్యాటరీలో 1800 వాట్-అవర్లు ఉంటాయి. దాని ఆయుష్షు కోసం సగానికి మించి వాడకూడదు. ఇన్వర్టర్ సొంత ఖర్చు కూడా కలిపితే మీ బాయిలర్ పూర్తి లోడు మీద ఆరు గంటలకు కాస్త అటూ ఇటూ వస్తుంది. అదే పరిమాణంలో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని 85, 90 శాతం దాకా వాడుకోవచ్చు కనుక పది గంటలు వస్తుంది. ధర ఎక్కువే అయినా చాలా ఎక్కువసార్లు ఖాళీ చేసి నింపుకోవచ్చు. మీ పొడవైన అంతరాయం దాదాపు 18 గంటలున్నట్టుంది. అయినా రెండు మూడు బ్యాటరీలు కొనడానికి తొందరపడవద్దు. 130 అన్నది గరిష్ఠం. బాయిలర్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది కనుక సగటు తక్కువ ఉండవచ్చు. ప్లగ్గుకు తగిలించే చిన్న వాట్‌మీటరు దొరుకుతుంది. చలి బాగా ఉన్న ఒక రోజంతా బాయిలర్‌ను దాని మీద నడిపి, ఎన్ని వాట్-అవర్లు అయిందో రాసుకోండి. సగటు 80 వాట్లని తేలితే అదే లిథియం బ్యాటరీ పదహారు గంటల దాకా రావచ్చు. బాయిలర్‌కు ప్లగ్గు లేకుండా నేరుగా తీగలు కలిపి ఉంటే మాత్రం ఈ కొలత ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి.

ఈ దారిలో పెద్ద మేలు ఏమిటంటే, అర్ధరాత్రి కరెంటు పోయినా ఎవరూ లేవక్కరలేదు. దానంతటదే బ్యాటరీకి మారుతుంది. మారేటప్పుడు క్షణకాలం ఆగినా బాయిలర్‌కు నష్టం లేదు కాబట్టి, సర్వర్ల కోసం చేసిన, క్షణం కూడా కరెంటు ఆగనివ్వని ఖరీదైన ఆన్‌లైన్ యూపీఎస్ మీకు అక్కరలేదు. ఇబ్బంది బ్యాటరీ సామర్థ్యాన్ని మించిన అంతరాయాల్లో వస్తుంది. ఖాళీ అయిన బ్యాటరీకి మళ్లీ కరెంటు వచ్చేదాకా ప్రాణం ఉండదు. బ్యాటరీ ఎక్కడ పెడతారన్నది కూడా ముఖ్యమే. చల్లని గ్యారేజీలో లెడ్-యాసిడ్ సామర్థ్యం తగ్గిపోతుంది, లిథియంను సున్నా డిగ్రీల కింద ఛార్జి చేయకూడదు. కనుక ఇంటి లోపలే పెట్టాలి. లెడ్-యాసిడ్ ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి దానిని పడకగదిలో గాని, బాయిలర్ పక్కన గాని ఉంచకుండా గాలి ఆడే చోటు చూడండి. పాత కారు బ్యాటరీ పెడితే సరిపోదా అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. అది ఇంజను స్టార్ట్ చేయడానికి చేసినది, కొద్దిసార్లు పూర్తిగా ఖాళీ అయితే పనికిరాకుండా పోతుంది.

రెండో దారి మీవారు చెప్పే జనరేటరే, కాని చిన్నది, బయట ఉండేది. పెద్దది కొంటే నష్టమేమిటంటే, మామూలు జనరేటర్ లోడు ఎంత తక్కువైనా ఒకే వేగంతో తిరుగుతూ పెట్రోలు తాగుతుంది. 2 కిలోవాట్ల ఇన్వర్టర్ జనరేటర్ లోడును బట్టి వేగం తగ్గించుకుంటుంది; తక్కువ లోడు మీద గంటకు సుమారు అరలీటరుతో సరిపెడుతుంది, కరెంటు కూడా నాణ్యంగా ఇస్తుంది, చప్పుడూ తక్కువ. తేలిగ్గా ఉంటుంది కనుక వాడనప్పుడు లోపల దాచుకుని, అవసరానికి బయటికి తీసుకువెళ్లవచ్చు. దొంగల గురించి ఆయన ఆందోళనకు ఇది సమాధానం. వాడేటప్పుడు గొలుసు వేసి తాళం పెట్టుకోవచ్చు. మంచుకు, వానకు తడవకుండా పైన కప్పు, చుట్టూ గాలి ఆడేలా ఖాళీ ఉండాలి. ఇక పెట్రోలు నిల్వ ఉంచితే కొద్ది నెలల్లోనే పాడై కార్బురేటర్‌ను మూసేస్తుంది. నెలకోసారైనా కాసేపు నడిపి చూసే ఓపిక ఉన్నవారికే జనరేటర్ అవసరానికి పనికొస్తుంది. ఆ ఓపిక మీ ఇంట్లో ఎవరికుందో మీకే తెలుసు. తెల్లవారుజామున చలిలో బయటికి వెళ్లి పెట్రోలు పోయవలసినది ఎవరో కూడా ఆలోచించుకోండి. ఆయన ఊళ్లో లేని రాత్రి ఆ పని మీ మీదే పడుతుంది.

జనరేటర్‌ను ఇంటి వైరింగుకు కలపాలనుకుంటే చేంజోవర్ స్విచ్, అంటే లైను కరెంటునో జనరేటర్‌నో ఒకసారికి ఒక్కదాన్నే ఇంటికి కలిపే స్విచ్, తప్పనిసరి. రెండు కొసలకూ పిన్నులున్న తీగతో గోడ సాకెట్లోకి కరెంటు ఎక్కించే పద్ధతి కొందరు చెబుతారు. అది ఎన్నడూ చేయకూడదు. ఆ కరెంటు వీధిలోకి వెళ్లి, ట్రాన్స్‌ఫార్మర్‌లో తిరగబడి వేల వోల్టులుగా మారి, లైను చచ్చిందనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది.

మూడోది ఈ రెంటినీ కలపడం, మీ పరిస్థితి చదివితే నాకు ఎక్కువగా మొగ్గు కలుగుతున్నది దీనివైపే. మొదట బ్యాటరీ, ఇన్వర్టర్ పెట్టించుకోండి. మీకు ఎదురైన అంతరాయాల్లో ఎక్కువ భాగం దాంతోనే గడిచిపోతాయి. ఒక శీతకాలం చూశాక అవసరమనిపిస్తే చిన్న జనరేటర్ చేర్చుకోవచ్చు. అప్పుడు దాన్ని రాత్రంతా నడపనక్కరలేదు. పగలు మూడు నాలుగు గంటలు నడిపి బ్యాటరీ నింపుకుంటే రాత్రి చప్పుడు, పొగ లేకుండా గడుస్తుంది. ఇక్కడ లెడ్‌కు, లిథియంకు తేడా మళ్లీ ముందుకొస్తుంది. 150 ఆంపియర్-అవర్ల లెడ్ బ్యాటరీని మామూలుగా 15 ఆంపియర్లతో నింపుతారు కనుక పది గంటలు పడుతుంది. లిథియం సరైన ఛార్జరుతో 50 ఆంపియర్లు తీసుకోగలిగినదైతే మూడు నాలుగు గంటల్లో నిండుతుంది. జనరేటర్ చేర్చుకునే ఆలోచన ఉంటే లిథియంకు పెట్టే అదనపు ఖర్చుకు అర్థం ఉంది. లేకపోతే లెడ్-యాసిడ్‌తో మొదలుపెట్టినా తప్పు లేదు.

మీ ఆడపడుచు భర్త చెప్పిన పెద్ద బ్యాటరీ, హీటర్ల మార్గం కరెంటుతోనే వెచ్చబడే ఇంటికి తగినది. 10 యూనిట్ల బ్యాటరీ చాలా పెద్ద బ్యాటరీయే, అయినా మీ రెండు హీటర్లనూ రెండున్నర గంటలకు మించి నడపలేదు. ఒకే గదిలో అందరూ ఉండి, ఒక హీటరును 1000 వాట్ల మీద పెట్టుకుంటే ఒక రాత్రి గడుస్తుంది. అదే బ్యాటరీ మీ బాయిలర్‌ను రెండు రోజులకు పైగా నడుపుతుంది. బాయిలరే చెడిపోయే రోజు కోసం ఆ హీటర్లు ఇంట్లో ఉండనివ్వండి.

కరెంటు అక్కరలేని కట్టెల పొయ్యి, పొగ బయటికి పోయే గ్యాస్ హీటరు కూడా ఒక దారే. పొగగొట్టం ఉన్న ఇంట్లో మంచిది కూడా. అయితే పొగగొట్టం లేని కిరోసిన్, గ్యాస్ హీటర్లు అత్తగారి ఊపిరికి పనికిరావు. వంటగది స్టవ్‌నో, బొగ్గుల కుంపటినో వెచ్చదనానికి వాడటం జనరేటర్‌ను గ్యారేజీలో పెట్టినంత ప్రమాదం.

నెబ్యులైజర్ సంగతి. కంప్రెసర్ ఉన్నదైతే వంద వాట్లు, ఆ పైన తీసుకుంటుంది గాని పది పదిహేను నిమిషాలే నడుస్తుంది కనుక, 600 వాట్ల ఇన్వర్టర్ బాయిలర్‌తో పాటు దాన్నీ మోయగలదు, బ్యాటరీకీ భారం కాదు. అయినా సెల్స్‌తో నడిచే మెష్ నెబ్యులైజర్ ఆమె మందుకు సరిపడుతుందేమో వైద్యుణ్ణి అడగండి. ఆమె శ్వాస ఒకే యంత్రం మీద ఆధారపడకుండా ఉండటం మంచిది. ఫ్రిజ్, టీవీ వంటివి మాత్రం ఈ ఇన్వర్టర్‌కు తగిలించవద్దు. ఒకటి తగిలిస్తే రెండోది వస్తుంది, చివరికి బాయిలర్ ఆగుతుంది.

మీవారితో మాట్లాడేటప్పుడు జనరేటర్ కావాలా వద్దా అన్న వాదనలోకి దిగకండి. ఆయన యూపీఎస్ తెచ్చింది, ఇప్పుడు జనరేటర్ అంటున్నది ఆ రాత్రి తల్లిని, బిడ్డను వెచ్చగా ఉంచలేకపోయానన్న బాధతోనే అని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. వాట్‌మీటరు కొలత ఆయన చేతికే అప్పగించండి. ఎర్ర దీపానికి కారణం ఎర్తింగ్ కావచ్చునని చెబితే, ఆ వైఫల్యం తన తెలివితక్కువతనం వల్ల కాదని ఆయనకు తెలుస్తుంది. గ్యారేజీ మాట మాత్రం విడిగా, ఒకేసారి, స్పష్టంగా చెప్పండి. అత్తగారికి కూడా ఈ ఏర్పాటు ఆమె ఒక్కరి కోసం కాదని చెప్పండి. చాలా బాయిలర్లలో నీరు గడ్డకట్టకుండా కాపాడే ఏర్పాటు ఉంటుంది గాని, అది కూడా కరెంటుతోనే పనిచేస్తుంది. ఎక్కువసేపు ఆగితే పైపులు పగిలి అయ్యే ఖర్చు బ్యాటరీ ఖర్చును మించిపోవచ్చు.

వీటన్నిటికంటే ముందు, ఈ వారమే, సెల్స్‌తో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారాలు కొని, పడకగదుల దగ్గర ఒకటి, బాయిలర్ ఉన్న అంతస్తులో ఒకటి పెట్టండి. జనరేటర్ కొనకపోయినా అవి ఉండవలసినవే, ఎందుకంటే మీ బాయిలర్ కూడా మంటతో నడిచేదే. ఇన్వర్టర్ బిగించిన రోజు ఎలక్ట్రీషియన్‌ను పంపించేయకుండా, ఆయన ఎదుటే మెయిన్ స్విచ్ ఆపి చూడండి. బాయిలర్‌ను పూర్తిగా చల్లార్చి, బ్యాటరీ మీదనే మొదటి నుంచి వెలిగించమనండి. నడుస్తున్న బాయిలర్ కొనసాగడం వేరు, ఆగినది బ్యాటరీ మీద కొత్తగా అంటుకోవడం వేరు. ఒక గంటసేపు ఎర్ర దీపం వెలగకపోతే, పంపు గీ మనకపోతే, అప్పుడు డబ్బు చెల్లించండి.